బ్రేకు వదిలిన సాయంత్రాలు

కడల్‌మేడు గాలిమరల కేంద్రం,
తమిళనాడు.
27 సెప్టెంబర్ 1987

ప్రియమైన బాలన్నకు, అమ్మకు, లలిత వదినకు ఇశ్రాయేలు వందనములు.

నేను క్షేమంగా చేరాను. పదిహేను రోజులైనా ఉత్తరం ముక్క లేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఇక్కడి నుంచి పోస్టాఫీసు నాలుగు మైళ్ళు, మధ్యలో అంతా ఇసుక.

ఫ్యాన్లు నువ్వు అనుకున్నట్టు ఇంటి పైకప్పుకు వేలాడేవి కావు. చార్మినార్ ఎత్తులో సగం వరకు ఇనుప స్తంభం, దాని మీద మూడు పెద్ద రెక్కలు. డెన్మార్కు దేశం నుంచి ఓడలో తెచ్చారట. గాలికి రెక్కలు తిరిగితే లోపల కరెంటు పుడుతుంది. మొత్తం పది మరలు, అందులో ఐదు నా చేతి కింద. గ్రీజు పెట్టాలి, బోల్టులు బిగించాలి, బ్రేకు చూసుకోవాలి. ఆరు నెలలు సెలవు అడగకుండా, తప్పు చేయకుండా ఉంటే మార్చిలో పర్మనెంట్ కాగితం చేతికి వస్తుంది. ముప్పై రెండేళ్ళు నిండాయి కదా, ఇది పోతే నన్ను ఇంకెవరూ తీసుకోరు.

ఒక వింత చెప్తాను. పొద్దున్నే మొదటి పని మరల కింద చుట్టూ నడిచి, పైనుంచి బోల్టు ఏదైనా ఊడి పడిందేమో చూడటం. బోల్టులు దొరకలేదు, గబ్బిలాలు దొరికాయి. మన గల్లీలో నవాబుల దేవిడీ చెట్లకు వేలాడే పెద్దవి కావు, బొటనవేలంత చిన్నవి. రోజూ నాలుగో ఐదో. మొదట రెక్క తగిలి పడ్డాయనుకున్నాను. తిప్పి తిప్పి చూస్తే చాలావాటికి దెబ్బే లేదు. రెక్క విరగలేదు, తోలు చిరగలేదు. ముక్కు దగ్గర చిన్న నెత్తుటి చుక్క, అంతే. కళ్ళు తెరిచే ఉంటాయి. ఒకదాని నోట్లో సగం నమిలిన పురుగు ఉంది.

ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, గాలి హోరుమని వీచినప్పుడు ఇవి రావట, గాలి మెత్తబడిన ఈ నెలల్లోనే వస్తాయట. వాచ్‌మన్ రామలింగం చెప్పాడు. ఇతని ముత్తాతలది తెలుగుదేశమే, మాట్లాడేది మాత్రం ఏ కాలపు తెలుగో. బకెట్లో వేసి పూడ్చేయమన్నాడు. పూడ్చాను. చేతులు రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా ఆ రోజు అన్నం సయించలేదు.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రాయి.

నీ తమ్ముడు,
ఇశ్రాయేలు


హుస్సేనీ ఆలం,
హైదరాబాద్.
5 అక్టోబర్ 1987

తమ్ముడు ఇశ్రాయేలుకు అన్న బాలనర్సింహ రాసేది ఏందంటే,

నీ ఉత్తరం అందింది. లలిత సదివితే అమ్మ, నేను ఇన్నం. ఏం తెలుగురా అది, రేడియోల వార్తలు సదివినట్టున్నది. మిషన్ స్కూల్ల ఏసినందుకు గిదా మాకు శిక్ష? నేను ఐదు దాక సదివిన, నోటికి ఎట్లొస్తే గట్ల రాస్త, నువ్వు నవ్వొద్దు.

అమ్మ మోకాళ్ళ ముచ్చట అడిగినవ్. మంచిగ లెవ్వు. బర్రె కింద కూసుంటే లేస్తలేదు. మొన్న పొద్దున పాలు పిండుకుంట కూసున్నది, అట్లనే ఉండిపోయింది. నేను, లలిత చెరొక రెక్క పట్టి లేపినం. ఏడ్సలే గాని మొఖం తిప్పుకున్నది. యాభై ఏండ్ల సంది పిండిన చెయ్యి తమ్మీ, ఇప్పుడు అరుగు మీద కూసోని మేం పిండుతుంటె చూస్తది. బర్రెలు గూడ ఆమెకే చేపి పాలిస్తయి, మాకు చేపవు.

నీ గబ్బిలాల ముచ్చట ఇని అమ్మ లేచి కూసున్నది. గల్లీ చివర హకీం సాబ్ ఉన్నడు గదా, ఎప్పటిసందో చెప్తున్నడట, "చమ్గాదడ్ కా తేల్ లగావ్ అమ్మా, ఘుట్నే ఖుల్ జాతే." అంటె గబ్బిలం నూనె రాస్తె మోకాళ్ళ పట్టు ఇడుస్తదని. నువ్వుల నూనెల గబ్బిలాలేసి నల్లగయ్యేదాక కాచి, వడగట్టి, గోరువెచ్చగ రాసుకోవాలె. ఈడ యాడ దొర్కుతయి? దేవిడీల ఉన్నయాటిని పట్టబోతె చౌకీదార్ కొడ్తడు. నీ దగ్గర ఊకెనే పడి సస్తున్నయంటివి. మన్నుల పూడ్చేటియి అమ్మ మోకాళ్ళకన్న అక్కరకొస్తయి. ఒక్క సీసా చేసి పంపు.

అమ్మ రాయమంటున్నది: "పోరడు నా పాలు తాగలే గాని నా బర్రెల పాలు తాగి పెరిగిండు. వాళ్ళమ్మ సుందరమ్మ సచ్చిపోయిన్నాడు పురానాపూల్ కాడికి పోయి నేనే ఎత్తుకొచ్చిన. నా మోకాళ్ళు నొస్తె వానికి నొస్తయి. చెప్పు, టైముకు తినుమను. సముద్రంల దిగొద్దను."

బాలనర్సింహ


కడల్‌మేడు,
26 అక్టోబర్ 1987

ప్రియమైన బాలన్నకు,

సీసా పంపాను. మూతకు లక్క పోసి, దూది చుట్టి, పైన గుడ్డ కుట్టాను. పార్సిల్ గుమాస్తా వాసన చూసి మొహం చిట్లించాడు, మందు అని చెప్పాను. పదహారు పట్టాయి ఒక్క సీసాకు. అన్నీ వాటంతట అవి పడ్డవే. అయినా కాచేటప్పుడు గది బయటకు వచ్చి నిలబడ్డాను.

ఒకదాని రెక్క విప్పి చూశాను బాలన్నా. విప్పకుండా ఉండాల్సింది. అది రెక్క కాదు, చెయ్యి. ఐదు వేళ్ళు, బొటనవేలికి గోరు కూడా ఉంది. వేళ్ళ మధ్య తోలు సాగి రెక్క అయింది. అప్పటి నుంచి గ్రీజు పెట్టేటప్పుడు నా వేళ్ళు నాకే కనిపిస్తున్నాయి.

మొన్న దీపావళికి రామలింగం వాళ్ళ ఊరు వెళ్ళాను. ఊళ్ళో ఒక్క టపాకాయ పేలలేదు. ఎందుకంటే వాళ్ళ చింతతోపులో గబ్బిలాలు ఉంటాయట, బెదురుతాయని మూడు తరాలుగా ఎవరూ కాల్చరట. పిల్లలు కాకరపువ్వొత్తులు పట్టుకుని నవ్వుతూ తిరుగుతున్నారు. నేను సంచి ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాను, అందులో అప్పటికి మూడు గబ్బిలాలు ఉన్నాయి మరి.

ఇంకో ముచ్చట. ఇంజనీర్ సారు కొత్త రూలు పెట్టారు. గాలి మెత్తగా ఉన్న సాయంత్రాలు రెక్కలు ఉత్తగా తిరిగి గేర్లు అరిగిపోతున్నాయట, కరెంటేమో పుట్టదు. అందుకని అలాంటప్పుడు పొద్దుగూకక ముందే బ్రేకు వేసి ఆపేయమన్నారు. ఆపేస్తున్నాను. అప్పటి నుంచి పొద్దున కింద ఒక్కటీ లేదు. అవి వస్తున్నాయి, ఆగిన రెక్కల చుట్టూ తిరిగి పురుగులు తిని పోతున్నాయి. కాబట్టి ఇంకో సీసా దొరకడం కష్టం. ఇదే జాగ్రత్తగా వాడమను.

అమ్మకు నా వందనాలు.

ఇశ్రాయేలు


హుస్సేనీ ఆలం,
15 నవంబర్ 1987

తమ్ముడు ఇశ్రాయేలుకు,

సీసా అందింది. అమ్మ రాసుకున్నది. మంచిగ పనిచేసింది. రెండు దినాలు లేచి తిరిగింది.

ఇప్పుడు చలి మొదలైంది, మోకాళ్ళు మళ్ళ పట్టినయి. నూనె అయిపోయింది. దొరికితె ఇంకో సీసా పంపు. దొరకకపోతె ఫికర్ లేదు.

నీ నౌకరి చూసుకో. సెలవు అడుగకు. మార్చి దాక ఎంత పనిబడ్డా రాకు. అమ్మ గూడ గదే మాట అన్నది.

అమ్మ పండుకున్నది. లేపలే.

బాలనర్సింహ


కడల్‌మేడు,
14 డిసెంబర్ 1987

ప్రియమైన బాలన్నకు,

రెండు సీసాలు వేరే పార్సిల్లో పంపాను. ఎలా దొరికాయని అడగకు.

అమ్మకు రాత్రీ పగలూ రాయండి, పొదుపు చేయొద్దు. అమ్మ మళ్ళీ బర్రె కింద కూర్చుని పాలు పిండిందని నువ్వు రాయాలి, నేను చదవాలి. నాకు ఇప్పుడు కావాల్సింది ఆ ఒక్క వాక్యం.

నీ ఉత్తరంలో అమ్మ మాట ఒక్కటీ లేదు. లేపలే అని రాశావు. లేపి అడగొచ్చు కదా? ఈసారి తప్పకుండా అడిగి రాయి.

గత వారం ఒకటి పడింది. ఆడది. దాని రొమ్ముకు పిల్ల కరుచుకుని ఉంది, పెసరగింజ అంత తల. తల్లి చల్లబడిపోయింది, పిల్ల ఇంకా పాలు లాగుతోంది. నేను పరుగెత్తి టీ కొట్టులో పాలు తెచ్చి, దూది ముంచి నోటికి పెట్టాను. తాగలేదు. మధ్యాహ్నానికి పోయింది. రామలింగం పక్కనే నిలబడి చూశాడు. "ఏమయ్యా, నిన్న గాలి లేకుండెనే, రెక్కలు యేల తిరిగె?" అన్నాడు. నేను బకెట్ తీసుకుని పక్కకు నడిచాను. అప్పటి నుంచి ఆయన నాతో కలిసి అన్నం తినడం మానేశాడు.

నిద్రలో రెక్కల చప్పుడు వినిపిస్తోంది. మర ఆగి ఉన్నప్పుడు కూడా వినిపిస్తోంది. లేచి వెళ్ళి చూస్తే ఆగే ఉంటుంది. క్రిస్మస్‌కు ఇక్కడి జాలర్ల గుడికి వెళ్ళాలని ఉంది, వెళ్ళగలనో లేదో తెలియదు.

ఇశ్రాయేలు


హుస్సేనీ ఆలం,
4 జనవరి 1988

తమ్ముడు ఇశ్రాయేలుకు,

రెండు సీసాలు అందినయి. మస్తు పనిచేస్తున్నయి. అమ్మ మంచిగున్నది. పొద్దున లేస్తది, చాయ్ తాగుతది, బర్రె కింద కూసోని పాలు పిండుతది. పెద్ద బర్రె ఈనింది, దూడ ఆడిది. జున్ను చేసినం. నువ్వు లేవని అమ్మ నీ వంతు తీసి పక్కకు పెట్టింది.

నువ్వు మనసు ఖరాబ్ చేసుకోకు. గబ్బిలం గబ్బిలమే. ఒంటరిగ ఉన్నవ్, అందుకే గట్ల అనిపిస్తది. రామలింగం గానితోని లొల్లి పెట్టుకోకు. పండుగకు గుడికి పోయి ఉంటవ్ అనుకుంట.

అమ్మ రాయమంటున్నది: "నేను క్షేమము. నీవు క్షేమముగా ఉండవలెను. నా మోకాళ్ళు బాగుగా ఉన్నవి. నీ ఉద్యోగము జాగ్రత్తగా చేసుకొనుము."

అన్న,
బాలనర్సింహ


కడల్‌మేడు,
12 మార్చి 1988

ప్రియమైన బాలన్నకు, అమ్మకు, వదినకు,

కాగితం వచ్చింది! పొద్దున పదకొండు గంటలకు ఇంజనీర్ సారు పిలిచి చేతికిచ్చారు. ఇశ్రాయేలు, ఫిట్టర్, పర్మనెంట్. మూడుసార్లు చదివాను. ఎనభై రెండులో ఫ్యాక్టరీలో పోగొట్టుకున్నది ఇన్నాళ్ళకు వచ్చింది. పది రోజులు సెలవు కూడా రాశారు. ఇరవై ఐదున బయలుదేరుతున్నాను.

ఇంకో రెండు సీసాలు పార్సిల్ చేశాను. ఇవే ఆఖరివి. అమ్మ ఏమనుకున్నా సరే, ఇంక నావల్ల కాదు. వచ్చినప్పుడు అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఒక సంగతి చెప్పాలి. ఉత్తరంలో రాయలేను. అమ్మ తిడితే తిట్టనీ. తిట్టి, తల మీద చెయ్యి పెడితే నాకు నిద్ర వస్తుంది అనుకుంటున్నాను. ఈ నాలుగు నెలల్లో సరిగా నిద్రపోయిన దినం లేదు.

జనవరిలో అమ్మ మాట రాశావు. అది అమ్మ మాటలా లేదు, నువ్వు నన్ను ఎక్కిరించడానికి అమ్మ నోట్లో రేడియో పెట్టావు కదూ? పోనీలే, వచ్చాక ఆమె నోటితోనే వింటాను.

స్టేషన్‌కు నువ్వొక్కడివే రా. అమ్మను నడిపించొద్దు. గల్లీ మొదట్లో నిలబడితే చాలు.

మీ
ఇశ్రాయేలు


హుస్సేనీ ఆలం,
17 మార్చి 1988

తమ్మీ,

కాగితం వచ్చింది గదా. ఇంక చెప్తున్న. కూసోని సదువు.

అమ్మ లేదు.

చలి మొదట్లనే పోయింది. దమ్ము పట్టింది, రెండు దినాలు. దవాఖానకు తీస్కపోయినం, ఏం కాలే. పోయే ముంగట నన్ను దగ్గరికి పిలిచి, చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "బాలా, పోరనికి కాయితం చేతికొచ్చేదాక నా ముచ్చట చెప్పకు. చెప్తివంటె ఉరికొస్తడు. ఎనుకటోసారి నాకు జొరమొస్తెనే గదా ఫ్యాక్టరీ ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు, పేరు కొట్టేసిండ్రు. ఈసారి వాని నౌకరి నా మెడకు చుట్టకు." ఒట్టు ఏయించుకున్నది. నేను ఏసిన. ఇంక నోరెట్ల ఇప్పుదు?

ఉత్తరం రాయకపోతె నీకు అనుమానమొస్తది. అమ్మ బతికుంటె మొట్టమొదలు అడిగేది నూనెనే. అందుకే అడిగిన. నువ్వు బ్రేకు ముచ్చట రాసినవ్ గదా, ఇంక పడ్తలేవు, దొరకవు అని. దొరకలేదని రాస్తవ్, ఆ ముచ్చట ఆడికే తెగుతది అనుకున్న. నువ్వు సీసాలు పంపినవ్. నాకు సమజ్ కాలే. యాడికెల్లి తెస్తున్నడో అనుకున్న, అడగలే. అడిగితె నువ్వు ఇంకేదో అడుగుతవని భయమైంది. జనవరిల అమ్మ మాట అని రాసింది నేనే. అమ్మ లెక్క రాయబోతె ఒక్క ముక్క రాలే. అందుకే అట్ల పుస్తకం లెక్క రాసిన.

బర్రె కింద ఇప్పుడు నేనే కూసుంటున్న. పెద్ద బర్రె వారం దినాలు పాలియ్యలే. లలిత అమ్మ చీర కట్టుకోని పోతె ఇచ్చింది.

నువ్వు తర్వాత పంపిన సీసాలు నాలుగు గూట్ల పెట్టిన. మూత తియ్యలే.

నన్ను తిట్టు తమ్మీ. ఇరవై ఐదుకు బయలెల్లు. స్టేషన్‌కు వస్త.

బాలనర్సింహ


కడల్‌మేడు,
24 మార్చి 1988

అన్నా,

నేను వస్తలేను. టికెట్ వాపస్ చేసిన.

నీ ఉత్తరం సదివి సముద్రం ఒడ్డుకు పోయి ఒర్రిన. గొంతు పోయేదాక ఒర్రిన. రామలింగం వచ్చి చెయ్యి పట్టి తోల్కపోయిండు. మూడు నెలల తర్వాత నాతోని కూసోని అన్నం తిన్నడు. ఆయనకు చెప్పిన, ఇప్పుడు నీకు చెప్తున్న.

నీ ఉత్తరం నాకు నవంబర్ ఇరవై ఒకటిన అందింది. అమ్మకు నొప్పి, నూనె అయిపోయింది అని. అప్పటికి నెల దినాల సంది ఒక్క గబ్బిలం పడ్తలేదు, బ్రేకు ఏస్తున్న గదా. తెల్లారి ఆదివారం. గుడికి పోయి వచ్చిన. పొద్దుగూకింది, గాలి మెత్తగున్నది, బ్రేకు ఏసే టైం అయింది. నేను ఏయలే. రిజిస్టర్ల ఏసిన అని రాసిన. కింద నిలబడి చూసిన అన్నా. అవి వచ్చినయి, మామూలుగ తిరిగినట్టే తిరిగినయి. రోజు ఆగి ఉండె రెక్కలే గదా, వాటికేం తెలుసు. నాలుగు సీసాలు, అరవై నాలుగు. అన్ని నేనే చంపిన, అమ్మ లేచి నడుస్తదని చంపిన. ఆ పిల్ల తల్లి గూడ అట్ల పడ్డదే.

సంపుతున్నప్పుడల్ల అమ్మ మోకాళ్ళు యాదికి తెచ్చుకున్న. పాపమే గాని అమ్మ కోసం అనుకున్న. అదొక్కటే నన్ను నిలబెట్టింది.

నిన్ను తిట్టాలని కూసున్న. నీ తప్పు లేదని రాయలేను, నీదే తప్పని గూడ రాయలేను. నా మీద ప్రేమతోని, పాయిరంతోని నువ్వు అబద్ధమాడినవ్, అమ్మ మీద పాయిరంతోని నేను ఇది చేసిన.

ఇప్పుడు ప్రతి సాయంత్రం నేనే పోయి బ్రేకు ఏస్తున్న, ఏసి రెండుసార్లు లాగి చూస్తున్న. పొద్దున కింద ఏం ఉండదు. ఐనా బకెట్ పట్టుకోని మూడు సుట్లు తిరిగితెగాని నాకు చాయ్ దిగుతలేదు.

ఒక్కటి అడుగుతున్న. చలి మొదట్ల అని రాసినవ్. తారీఖు రాయలే. ఏ దినం పోయింది అమ్మ? నేను చంపిన ఒక్కొక్క దాని తారీఖు నా పాకెట్ బుక్కుల ఉన్నది. అందుల ఏ దినం దాక అమ్మ కోసం, ఏ దినం నుంచి ఉత్తగనే, నాకు తెల్వాలె. కొన్నన్న అమ్మ బతికుండంగ అమ్మ కోసమే అని తెలిస్తె, వాటి ముంగట తల ఎత్తుత. దాయకుండ రాయి.

ఇశ్రాయేలు


(పోస్టు కార్డు)

హుస్సేనీ ఆలం,
30 మార్చి 1988

తమ్మీ,

మూడు దినాల సంది ఈ కార్డు ముంగటేసుకోని కూసున్న. ఇంకో తారీఖు రాద్దామనుకున్న. డిసెంబర్ల ఏదన్న దినం రాస్తె నీకు కొంచెం నిమ్మలమైతుండె. లలిత ఒద్దన్నది, ఇంక ఒక్క అబద్ధం గూడ ఒద్దన్నది.

నవంబర్ పన్నెండు, గురువారం, పొద్దున పాలు పిండే యాళ్ళకు.

నూనె కావాలని నీకు రాసిన దినానికి అమ్మ పోయి మూడు దినాలు. అమ్మ పోయేనాటికి నువ్వు పంపిన మొదటి సీసా సగం గూడ అయిపోలే.

బాలనర్సింహ